భుజం మీది చెయ్యి

ముప్పై ఏళ్లలో ఆ పేటలో ఫొటోగ్రాఫరు రెండు వేళ్లు సోకని గడ్డం లేదంటే నమ్మవచ్చు. కెమెరా వెనక నిలబడి ఆయన ఎదుటి మనిషిని ఒక్క క్షణం చూసేవాడు. తర్వాత నాలుగడుగులు ముందుకు వేసి, చూపుడువేలూ మధ్యవేలూ గడ్డం కింద ఆనించి, గోడగడియారం ముల్లు సరిచేసినంత కొద్దిగా కదిపేవాడు. అంతవరకూ అద్దెకు తెచ్చుకున్నట్టున్న ముఖం అప్పుడు ఆ మనిషి సొంతమయ్యేది. మళ్లీ నాలుగడుగులు వెనక్కి వచ్చి మీట నొక్కేవాడు. ఫొటో అంతా ఆ రాకపోకల్లోనే ఉందని ఆయన నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

లాక్‌డౌన్ వచ్చి సరిగ్గా ఆ నాలుగడుగులనే పట్టుకుపోయింది.

స్టూడియో షట్టరు దించి ఆయన పైన ఇంటి వరండాలో కూర్చునేవాడు. వీధులు ఖాళీ అయ్యాక వాటిలోకి వెలుతురు వచ్చి కాపురం పెట్టినట్టుండేది. ఎదురింటి గోడ మీద పొద్దున పడ్డ ఎండ సాయంత్రం దాకా ఎవరి నీడా తగలకుండా నెమ్మదిగా జరిగేది. మూల మీది సిగ్నలు దీపం ఎవరికోసమో ఎర్రబడి, కాసేపు ఆగి, ఎవరికోసమో పచ్చబడేది. అన్నేళ్లుగా దుమ్ము వెనక దాక్కున్న దూరపు మేడలు ఒక్కొక్కటీ దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే ఆ పల్చటి చోటులోనే ఊరంతా ఆగిపోయిందనిపించేది ఆయనకు.

"వీధిని చూసి చూసి దానికి దిష్టి తగిలించేలా ఉన్నారు," అంది భార్య. "వెళ్లి కిటికీల్లోంచి కనిపించినవాళ్లను తియ్యండి. కెమెరాకి దగ్గు రాదుగా."

"వాళ్లు కిటికీ లోపల, నేను బయట. ఎలా కుదురుతుందే?"

"పెద్ద లెన్సు ఉంది కదా. కొన్న రోజున ఊరంతా తిప్పి చూపించారు. ఇప్పుడు దానికీ ఓ పని చెప్పండి."

అలా మొదలైంది. పొద్దున ఆరునుంచి పదిదాకా బయట తిరగనిచ్చేవారు. ఆయన పన్నెండు అడుగుల తాడు ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరేవాడు. కిటికీ కింది గోడనుంచి తాడు పరచి, అది ముగిసినచోట సుద్దతో గీత గీసి, గీతకు ఇవతల నిలబడేవాడు. జనం సంతోషంగా ఒప్పుకున్నారు. అందరికీ ఎవరో ఒకరికి తమ ముఖం పంపుకోవాలని ఉంది. రెండు వీధుల అవతల ఉన్న మనవడు కూడా ఆ రోజుల్లో మరో దేశంలో ఉన్నంత దూరం.

కానీ పన్నెండు అడుగులనుంచి గడ్డం కదపడం ఎలా? "కొంచెం ఎడమకి," అంటే "ఎవరి ఎడమ బాబూ?" అనేవారు. "గడ్డం దించండి," అంటే నడుమే వంచేవారు. నాలుగైదు ఇళ్ల దగ్గర అవస్థపడ్డాక ఆయనకొక దారి తోచింది. ఇంట్లో పక్కనున్న మనిషిని పిలిచి, "మీరు నా చెయ్యిగా ఉండండి," అనేవాడు. "మీ రెండు వేళ్లు ఆయన గడ్డం కింద పెట్టండి. నేను చెప్పినంత కదపండి. ఇంకా. ఇంకా. ఆ, చాలు. ఇక చెయ్యి తీసేయండి." చెయ్యి తప్పుకోగానే మీట నొక్కేవాడు.

"ఈ వయసులో ఇదేం పనండీ, వీధిలో అందరి ముందూ," అని ఒక ముసలామె సిగ్గుతో మెలికలు తిరిగింది.

"కానివ్వవే, డాక్టరు రాసిచ్చాడనుకో," అన్నాడు ఆమె భర్త, కళ్లు మూసుకుని గడ్డం ముందుకు చాపుతూ.

ఫొటోగ్రాఫరు గీత ఇవతల నిలబడి, తన చెయ్యి ఇంటింటా కొత్త మనిషికి మొలుస్తుంటే చూస్తున్నట్టు ఉండేవాడు.

మూలమలుపు ఇంట్లో టీచరమ్మ ఉండేది. సగం పేటకు లెక్కలు నేర్పిన మనిషి, ఫొటోగ్రాఫరుకు కూడా. మోకాళ్లు మొరాయించి ఏడాదిగా కుర్చీకి పరిమితమైంది. పగలూ రాత్రీ ఆమెతో ఉండేది ఒక ఆయా. కిటికీ దగ్గరికి కుర్చీ లాగి, శాలువా సర్ది, ఆయా వెనక్కి తప్పుకుంది.

"ఒరేయ్, గీత వంకరగా గీశావు," అంది టీచరమ్మ మొదటగా.

"అవునమ్మా."

"నలభై ఏళ్లయినా నీ గీతలు తిన్నగా రాలేదురా."

ఎడమ భుజం కుర్చీలోకి కుంగి ఉంది. ఆయన ఆయాను పిలిచాడు. "నువ్వు నా చెయ్యిగా ఉండమ్మా. ఆ భుజం కింద పట్టు దొరకదు గానీ, మీద చెయ్యి వేసి కాస్త వెనక్కి లాగు."

"నా చేతులు తడి సార్. గిన్నెలు కడుగుతున్నా."

"తడైతే ఏమైంది? నేనేమన్నా కాగితాన్నా?" అంది టీచరమ్మ.

ఆయా చేతులు కొంగుకు తుడుచుకుని, కుడిచెయ్యి తెచ్చి ఆ భుజం మీద పెట్టింది. పొట్టిగా కత్తిరించిన గోళ్లు. బొటనవేలి మొదట్లో పాతగా మెరిసే కాలిన మచ్చ. భుజం కొంచెం లేచింది. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, టీచరమ్మ తల నెమ్మదిగా ఆ చేతివైపు వాలింది. పడవ ఒడ్డు చేరి ఆగినట్టు ఆగింది. కళ్లలో లెక్కల పంతులమ్మ పోయి, ఎండలో కూర్చున్న ఒక మనిషి మిగిలింది.

ఇప్పుడు "చెయ్యి తీసేయ్" అనాలి. ఆయన అనడం మరిచిపోయి మీట నొక్కాడు.

తప్పు తెలిసి నాలుక కరుచుకున్నాడు. "చెయ్యి పడిందమ్మా. వచ్చే వారం మళ్లీ తీస్తాను."

"వచ్చే వారం నాకు తీరిక ఉందో లేదో చూసుకోవాలి," అంది టీచరమ్మ.

ఇరవై రోజులకు ఆమె కూతురు ఫోను చేసింది. ఊరికి ఆ చివర బ్యాంకులో పనిచేస్తుంది; పేటలో అందరూ ఆమెను బ్యాంకు మేడం అంటారు. గొంతులో ఏడుపు ఎండిపోయాక మిగిలే గరుకుదనం ఉంది.

"అమ్మ పోయింది. మీకు తెలిసే ఉంటుంది."

"విన్నానమ్మా."

"మీరు తీసిందే ఆఖరి ఫొటో. అది పెద్దది చేసి ఫ్రేము కట్టాలి. ఒక్కటే మాట. భుజం మీద ఆ చెయ్యి తీసేయండి."

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆ ఆయా, దాని వల్లే ఇంట్లోకి జబ్బు వచ్చింది. ఎక్కడ తిరిగిందో, ఎవరిని అంటుకుని వచ్చిందో. రోజూ మా గోడ మీద ఆ చెయ్యి చూస్తూ నేను బతకలేను."

"అలాగేనమ్మా," అన్నాడు. ఆలోచించి అన్నది కాదు. ముప్పై ఏళ్లుగా కౌంటరు మీద పెట్టి ఉంచుకున్న మాట, చెయ్యి చాపగానే దొరికింది.

చేతులు చెరపడం ఆయనకు కొత్త కాదు. పెళ్లి గుంపుల్లోంచి, ఆఫీసు గుంపుల్లోంచి ఒక్క మనిషిని విడదీసి ఇమ్మని ఎందరో వస్తారు. అలా విడదీసిన ప్రతి మనిషి భుజం మీదా ఎవరిదో ఒక చెయ్యి మిగిలిపోయి ఉంటుంది. ఒకప్పుడు సన్నటి కుంచెతో చెరిపేవాడు, ఇప్పుడు కంప్యూటరులో. అది ఎవరి చెయ్యి అని అడగడం ఆయన పని కాదు.

శాలువా కుడి భుజం మీది నేత అరువు తెచ్చుకుని ఎడమ భుజం మీద పరవడం మొదలుపెట్టాడు. చిటికెనవేలు, ఉంగరపువేలు, ఒక్కొక్క కణుపూ నేత కింద మునిగిపోయాయి. పెద్దది చేసి చూస్తే కాలిన మచ్చ తెర నిండా వచ్చింది. దానికి అంచులూ లోయలూ ఉన్నాయి. పైనుంచి చూసిన చిన్న దీవిలా ఉంది. దానిమీదా నేత కప్పాడు. చివరికి మెడ పక్కన బొటనవేలి నీడ ఒక్కటి మిగిలింది. వస్తువు పోయినా నీడ ఎలా ఉంటుందా అని ఆయన కొంచెంసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత దాన్నీ తుడిచేశాడు.

మర్నాడు పొద్దున షట్టరు నడుమెత్తు లేపి బల్ల తుడుస్తుంటే బయట రెండు పాదాలు కనిపించాయి. వంగి చూశాడు. ఆయా.

"లోపలికి రానులెండి సార్. మీకూ భయంగా ఉంటుంది."

"భయమేం లేదు," అన్నాడు. కానీ షట్టరు ఇంకా పైకి లేపలేదు. ఆ సంగతి ఆమెతోపాటు తనూ గమనించాడు.

"టీచరమ్మగారి ఫొటో ఒకటి ఇప్పిస్తారేమోనని వచ్చాను."

"అది వాళ్ల ఫొటో అమ్మా. వాళ్లు ఒప్పుకుంటేనే ఇవ్వాలి. మా పద్ధతి అది."

ఆమె తలూపింది. వెళ్లలేదు. "నాకు రెండుసార్లు పరీక్ష చేశారు సార్. ఏమీ లేదన్నారు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచి గేటు దాటలేదు నేను, కూరలు కూడా కిటికీలోనే తీసుకున్నా. కాగితం ఉంది. ఎవరూ చూడరు. నాలుగు ఇళ్లు అడిగాను. 'నీ దగ్గరే కదా పోయింది ఆవిడ' అంటారు. నేనేం చెప్పను? నోటిమాట ఎవరు నమ్ముతారు? ఆ ఫొటోలో ఆవిడ మొహం ఉంది చూడండి, అది చూపిస్తే చాలు. ఎలా చూసుకున్నానో తెలిసిపోతుంది."

"ఒప్పుకోరమ్మా వాళ్లు."

"చెయ్యి పెట్టమన్నది మీరే కదా సార్." కోపం లేదు ఆ మాటలో. మరిచిపోయిన గొడుగు గుర్తుచేసినట్టు అంది.

ఆయన చేతిలోని గుడ్డతో తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు.

"పోనీ డ్యూటీ పాస్‌కి అతికించడానికి నాకొక ఫొటో అయినా తీయండి. ఆస్పత్రి వార్డులో ఆయాలను తీసుకుంటున్నారట. అక్కడికి వెళ్లడానికి ఎవరూ ముందుకు రావట్లేదని."

"ఎల్లుండి తొమ్మిదింటికి రా. బయట వెలుతురులోనే తీస్తాను."

పాదాలు వెళ్లిపోయాయి. పక్క సందులో ఎండ మీద ఆమె అడుగుల చప్పుడు చాలాసేపు వినిపించింది. అప్పట్లో ఏ చప్పుడైనా అలాగే చివరిదాకా వినిపించేది.

చెరిపిన ఫొటో ఆ మధ్యాహ్నం బ్యాంకు మేడంకి పంపాడు. పది నిమిషాల్లో ఫోను.

"నీటుగా వచ్చిందండీ, ఎక్కడా గుర్తే లేదు. కానీ అమ్మ పడిపోతున్నట్టుందేంటి?"

చూశాడు. నిజమే. టీచరమ్మ ఎడమవైపుకు ఒరిగి, ఇంకో క్షణంలో కుర్చీలోంచి జారిపోయేలా ఉంది. ముఖంలో ఆ నెమ్మది అలాగే ఉంది; అందువల్ల మరీ భయంగా ఉంది.

"సరిచేస్తానమ్మా."

మెడ దగ్గర విడదీసి తలను నిలబెట్టాడు. చూపు ఎవరి మీదో నేరం మోపుతున్నట్టు తిరిగింది. "అమ్మ నన్ను తిడుతున్నట్టుంది," అంది కూతురు. కనురెప్పలు కాస్త దించి, రెండో భుజం లేపాడు. మళ్లీ పంపాడు. "తిన్నగానే కూర్చుంది," అంది ఈసారి. "కానీ ఈవిడ మా అమ్మ కాదండీ."

మర్నాడు భోజనమయ్యాక కుర్చీలోనే కునుకు పట్టింది. స్టూడియో ముందు బెంచీ మీద చేతులు వచ్చి వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ తొందరపడటం లేదు. గాజుల చెయ్యి, సిరా మరకల చెయ్యి, ఉంగరం బిగుసుకున్న చెయ్యి, పసిబిడ్డది ఒకటి. తమ వంతు వచ్చేదాకా ఆగినట్టు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి. ఆయన తలుపు తీసి ఎవరి తాలూకు అని అడిగాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి అడగడం. చేతులకు నోరెక్కడిది? మెల్లగా అరచేతులు పైకి తిప్పి చూపించాయి, అంతే. మెలకువ వచ్చేసరికి ఆయన అరచేయి కూడా ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.

భార్య టీ తెచ్చింది. ఆయన ఇళ్లవెంట తిరగడం మొదలైనప్పటినుంచి ఆమె గదిలోకి రాదు. గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి నిలబడుతుంది. అక్కడినుంచే తెరమీద, చెయ్యి చెరిపిన మొదటి ఫొటో చూసింది.

"టీచరమ్మ దేని మీద వాలింది?"

"దేని మీదా లేదు."

"ఏమీ లేకపోతే మనిషి అలా ఎందుకు వాలుతుందండీ?" అని, జవాబుకు ఆగకుండా వెళ్లిపోయింది.

టీ మీద మీగడ కట్టేదాకా ఆయన కదలలేదు. తర్వాత బ్యాంకు మేడంకి ఫోను చేసి, "ఫోనులో తేలే పని కాదమ్మా. రేపు తొమ్మిదింటికి మీరే ఒకసారి రండి," అని చెప్పాడు. పెట్టేశాక గానీ ఆ వేళ తను ఇంకొకరికి కూడా ఇచ్చానని గుర్తురాలేదు. గుర్తురాలేదని తనకు తాను చెప్పుకున్నాడు. నమ్మకం కుదరలేదు.

బ్యాంకు మేడం ముందే వచ్చింది. మాస్కు మీద కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, తల్లి కళ్లే. ఈసారి ఆయన షట్టరు పూర్తిగా ఎత్తాడు. కుర్చీ తెర ముందు వేసి, తను పక్కగా నిలబడి, మొదటి ఫొటోలో చెరిపిన పనిని వెనక్కి నడిపించడం మొదలుపెట్టాడు. మీట ఒక్కసారి నొక్కితే ఒక్క అడుగు వెనక్కి. మొదట మెడ పక్కన బొటనవేలి నీడ వచ్చింది. తర్వాత కాలిన మచ్చ. కణుపు తర్వాత కణుపు, వేలు తర్వాత వేలు, నేత లోపలినుంచి చెయ్యి పైకి తేలింది. చిటికెనవేలు కూడా వచ్చి ఆనగానే టీచరమ్మ పడిపోవడం ఆగిపోయింది. ఫొటోలో మరేమీ మారలేదు. ఆమె అలాగే వాలి ఉంది, కానీ ఇప్పుడు కూర్చుని ఉంది.

కూతురు తెరకు దగ్గరగా వంగింది. 

"రెండు నెలలు నేను ఆ ఇంటికి రాలేదండీ. కౌంటర్లో రోజుకి వందమంది. నావల్ల అమ్మకి అంటుకుంటుందని." ఆగింది. "ఒక్కసారి వచ్చాను. మందులివ్వడానికి. కిటికీ దగ్గర ఇచ్చేసి వెళ్లిపోదామని. అమ్మ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. పట్టుకున్నాను. పది నిమిషాలు. ఆయా లోపల్నుంచి 'వద్దు మేడం, వద్దు మేడం' అంటూనే ఉంది. నేనే కసిరాను." వేళ్లు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "నాలుగో రోజు అమ్మకి జ్వరం. నాకు ఆ మర్నాడు. ఫోనులో గొంతు విని ఆయా కనిపెట్టింది. ఇంకెవరికీ చెప్పలేదు."

ఆయనకు ఓదార్పు మాటలు కొన్ని వచ్చు. ఏదీ ఈ బరువుకు సరిపోదనిపించింది.

"ఈ ఫొటో ఆయా అడిగిందా?" అంది కూతురు.

"అడిగింది."

"మీరేమన్నారు?"

"మీరు ఒప్పుకోవాలన్నాను."

ఆమె లేచి గుమ్మం వైపు తిరిగి, అక్కడే ఆగిపోయింది. బయట బెంచీ చివర ఆయా కూర్చుని ఉంది. ఉతికిన బట్టలు, తడిపి దువ్విన తల. మేడంను చూసి లేచి నిలబడింది.

"బాగున్నారా మేడం? జ్వరం తగ్గిందా?"

మేడం తలూపి, మాస్కు పైకి లాక్కుంది. 

ఫొటోగ్రాఫరు గోడకు తెల్లగుడ్డ కట్టి, ముందు స్టూలు వేసి, తాడు పరిచి గీత గీశాడు. ఎంత జాగ్రత్తపడ్డా వంకరే వచ్చింది. ఆయా మాస్కు తీసి మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. కెమెరా ముందు ఆమె ముఖం తప్పు చేసి దొరికినదానిలా బిగుసుకుపోయింది. గడ్డం ఎత్తి, మెడ నిక్కి, ఎవరైనా ఏదైనా అనేలోపే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టుంది.

"గడ్డం కాస్త దించమ్మా."

తలంతా దించేసింది.

"అంత కాదు. కొంచెం ఎత్తు. అయ్యో, మళ్లీ ఎక్కువైంది. ఎవరైనా కాస్త..." అలవాటుగా నోట్లోకి వచ్చిన మాట ఆయన మధ్యలో ఆపేశాడు. భార్య పైన ఉంది. వీధి ఖాళీగా ఉంది.

బ్యాంకు మేడం గుమ్మం దిగింది. సంచిలోంచి శానిటైజర్ తీసి చేతులకు రాసుకుంది. వేలు వేలుకూ, చాలా నిదానంగా, ఆరేదాకా. ఆ తర్వాత సుద్దగీత దాటి స్టూలు పక్కకు వెళ్లింది. ఆయా వెనక్కి జరగబోయింది. మేడం రెండు వేళ్లు ఆమె గడ్డం కింద ఆనాయి.

"ఇంతేనా?" అంది, ఫొటోగ్రాఫరు వైపు తిరగకుండా.

"కొంచెం కిందకి."

"ఇప్పుడు?"

"ఇంకొక్క వెంట్రుకవాసి."

ఆయా ముఖంలో బిగువు వెంటనే పోలేదు. కళ్లు మేడం ముఖం మీద ఏదో వెతికాయి, దొరికిందో లేదో, రెప్పలు సగానికి దిగాయి. మెడ నెమ్మదిగా వదులైంది. గడ్డం బరువు ఆ వేళ్ల మీద పడింది. వేళ్లు కదల్లేదు.

"అమ్మ ఫొటో ఆ చెయ్యితోనే ఈవిడకి కూడా ఒకటి తీసివ్వండి," అంది మేడం. గొంతు గరుకుగానే ఉంది. "ఎవరైనా అడిగితే నాకు ఫోను చేయమనండి. ఆ కిటికీ దగ్గర ఏం జరిగిందో నేనే చెప్తాను."

ఫొటోగ్రాఫరు లెన్సులోంచి చూస్తున్నాడు. ఎండ తెల్లగుడ్డ మీదనుంచి మళ్లి ఆ చెయ్యి అడుగున, గడ్డం అంచున ఒకే సన్నటి గీతగా నిలిచింది. వీధి చివర సిగ్నలు దీపం ఎవరికోసమో పచ్చబడింది.

"చెయ్యి పడుతుందేమో సార్," అంది ఆయా, పెదవులు కదపకుండా. "పాస్‌కి పనికిరాదు కదా."

"పనికిరాదు," అన్నాడు ఆయన. "దానికి ఇంకోటి తీస్తాను. మీరలాగే ఉండండి."

మీట నొక్కాడు.